వేన్నీళ్ళు పోసిన చేప

బర్మామైన్స్‌లో పొద్దున్నే బజారులో నా చేపల బల్ల కడుగుతుంటే, ఈ ఊళ్ళోనే ఉన్న భాలుబాసా నుంచి అక్క కబురు పంపింది. బావ పోయాడు. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, అలాగే ఒరిగిపోయాడట. నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆయనకు చెప్పాల్సిన మాట నా దగ్గరే ఉండిపోయింది.

బావ ఈ ఊరి ఉక్కు కార్ఖానాలో చల్లబరిచే మెషిన్ల ఫిట్టరు. ఎవరింటికి వెళ్ళినా తిరుగుతున్న ఫ్యాను కింద నిలబడి చప్పుడు వినేవాడు, తర్వాతే మనుషులను పలకరించేవాడు. సెలవుకు మా సొంతూరి సముద్రం వైపు వెళ్ళినప్పుడల్లా బోట్ల వాళ్ళతో ఒకటే పోరు, పట్టిన చేపను బోటు మీదే గడ్డకట్టించాలని. వారం వేటలో మొదట పట్టినవి ఐస్ చాలక కుళ్ళితే, పారబోసి మళ్ళీ వల వేస్తారు. అది ఆయన చూడలేకపోయేవాడు.

"పట్టింది నిలబెట్టుకుంటే రెండోపాలి పట్టక్కర్నేదు. సంద్రాన్ని ఊపిరి తీసుకోనియ్యండర్రా" అనేవాడు.

చివరికి ఒక్క బోటు ఓనరు ఒప్పుకున్నాడు. బావే మెషిన్ బిగించి, వారం వాళ్ళతో వేటకు తిరిగి, చుక్క నీరు కారని మొదటి పెట్టె నా బల్లకు తెచ్చాడు.

"ఏటి బావా, సేపలు తెమ్మంటే రాళ్ళట్టుకొచ్చినావు? కత్తెట్టనా, సమ్మెటెట్టనా?" అన్నాను.

"నవ్వరా బామ్మర్దీ. సన్నీళ్ళలో ఏసి ఒగ్గెయ్. దాని మానాన అది కరుగుతాది. నీ తెలివి సూపించకు."

చూపించాను. ఐస్‌లో అతుక్కున్న చేపల మీద వేన్నీళ్ళు పోసి విడదీయడం మా బల్లల దగ్గర అలవాటు. పుట్టినప్పటి నుంచీ చేపలు ఎరిగినవాడికి ఫిట్టరు చెప్పేదేమిటని పోసేశాను. పైన ఉడికింది, లోపల రాయి. ఒకావిడ వేలితో నొక్కి, "ఏ మఛ్లీ హై కి హల్వా, దాదా?" అని, ఇది చేపా హల్వానా అని అడిగింది. బజారంతా నవ్వింది. ఆ కోపంలో, మెషిన్‌దే తప్పని ఓనరుకు ఉత్తరం రాయించేశాను.

సాయంత్రం బావ వచ్చి చేపను పట్టి చూశాడు.

"ఏన్నీళ్ళు పోసినావా?"

"నేదు."

పెట్టె అడుగున వేన్నీళ్ళు తగలకుండా మిగిలిన రెండు చేపలు ఇంటికి పట్టుకెళ్ళి, చన్నీళ్ళలో కరిగించి, అక్కతో పులుసు పెట్టించి నాకే పంపాడు. ఒడ్డున తిన్నట్టే ఉంది. అప్పుడైనా నేను నిజం ఒప్పుకోలేదు.

ఏటా ఆపినట్టే వేసవిలో వేట ఆపగానే మెషిన్ పీకేస్తానని ఓనరు జవాబు రాశాడు. ఇది పీకేస్తే ఆ రేవులో ఇంకెవరూ పెట్టరని బావకు బెంగ పట్టుకుంది. ప్రతి ఆదివారం వచ్చి, "ఇంకోపాలి పంపమని నువ్వే రెండు ముక్కలు రాయరా" అని బతిమాలేవాడు. తప్పు నాదని మాత్రం ఎవరితోనూ అనలేదు, అక్కతో కూడా.

దినం అయిన మర్నాడు నా చేత్తో నేనే ఓనరుకు కార్డు రాశాను. వంకర అక్షరాలే. వేన్నీళ్ళు పోసింది నేను, మెషిన్ పీకొద్దు, ఇంకో పెట్టె పంపు అని. వేట ఆగే రోజులు దగ్గరకొచ్చేశాయి. జవాబు లేదు.

రోజూ స్టేషన్‌కు వెళ్ళి పార్సిల్ బండి దగ్గర నిలబడుతున్నాను. ఐస్ చేపల పెట్టెలు నీళ్ళు కారుతూ దిగుతాయి. ఇవాళ కూడా అవే దిగాయి. కూలీలు వాటిని మోసుకుపోయాక, తడిసిన ప్లాట్‌ఫారం మీద నిలబడి, నీళ్ళు కారని పెట్టె ఒక్కటైనా ఉందేమోనని బండి తలుపు లోపలికి మరోసారి తొంగిచూశాను.