గడియారానికి వెలిగిన దీపం

ఈ రోజు నేను చెప్పే అనలాగ్ సర్క్యూట్ల క్లాసులో ప్రాజెక్టుల పరీక్ష జరిగింది. మెదడులోని నాడీకణంలా పనిచేసే సర్క్యూట్ ఒకటి కట్టి చూపాలి. నల్లమాడ ఊరి అమ్మాయి సుజాత, వేరుశనగ కాయ ఎండిందో లేదో చెప్పే సర్క్యూట్ కట్టింది. మైకు దగ్గర కాయ ఊపితే, ఎండిన గింజ లోపల గలగలమన్నప్పుడల్లా కెపాసిటర్‌లో కొంచెం ఛార్జి చేరుతుంది. చాలినంత చేరగానే దీపం వెలుగుతుంది. పచ్చికాయల కోసం వాళ్ల నాయన పొద్దున్నే చెట్లు పీకి బస్సులో తెచ్చారు.

బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడు పచ్చికాయ ఊపారు. దీపం వెలిగింది. మళ్లీ ఊపినా వెలిగింది.

"ఇది అన్నిటికీ వెలుగుతుందమ్మా" అని మార్కుల కాగితం అందుకున్నారు. సుజాత కంగారుగా తీగలన్నీ మళ్లీ సరిచూసింది. నేనూ చూశాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

తలుపు దగ్గర నుంచి వాళ్ల నాయన అన్నారు: "సార్, మీ చేతి గడియారం తీసి పెట్టి కాయ ఊపండి. దాని గొలుసు గలగలమంటాండాది."

గడియారం తీసి పెట్టి పచ్చికాయ ఊపారు. దీపం వెలగలేదు. ఎండుకాయకు వెంటనే వెలిగింది.

"నీకెట్లా తెలిసిందన్నా?" అన్నాను.

"శెనక్కాయ ఊపేటప్పుడు మేం చేతి కడియం తీసి పెడతాం సార్. లేకుంటే చెవి మోసపోతాది."

పరీక్షకుడు క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులు ఆమెకే వేసి, మిగిలిన ఎండుకాయలు ఒలుచుకుని తిన్నారు.

మూడు నెలలుగా సుజాత గాజులు తీసి పక్కన పెట్టాకే కాయ ఊపడం చూస్తున్నాను. పగులుతాయని భయం కాబోలు అనుకున్నాను. ఎందుకని ఒక్కసారైనా అడగని మాస్టారిని నేనొక్కణ్నేనా, మీలో ఇంకెవరైనా ఉన్నారా?