డాబా మీది డిపార్ట్‌మెంట్

జనగామ స్టేషన్ రోడ్డులో లక్ష్మీనర్సయ్య సేటుకు కిరాణా దుకాణం ఉండేది. దుకాణం వెనకే ఇల్లు. ఆ ఇంటి వెనక వాటాలో నేను చాలా ఏళ్లు అద్దెకున్నాను. పిల్లికి బిచ్చం పెట్టని ఆ సేటు ఎనభై రెండులో టీవీ కొన్నాడంటే మొదట నేను నమ్మలేదు. టీవీ చూడటానికి వచ్చినవాళ్లు పోతూ పోతూ పావుకిలో చక్కెరైనా కొనుక్కుపోతారని ఆయన ఆశ అని తర్వాత తెలిసింది.

టీవీ వచ్చింది గానీ బొమ్మ రాలేదు. హైదరాబాదులో బయల్దేరిన బొమ్మ జనగామ చేరేసరికి అలసిపోయేది. డాబా మీద పొడుగాటి ఇనుప పైపు నిలబెట్టి కొసన యాంటెనా కట్టినా తెర నిండా చీమలే. ఎవరో ఒకరు ఆ పైపును పట్టుకుని, గాలిని బట్టి కాస్త ఇటూ అటూ తిప్పుతూ ఉంటే తప్ప మనిషి ముఖం మనిషి ముఖంలా కనిపించేది కాదు. ఆ ఎవరో ఒకరు భిక్షం.

భిక్షం ఆ దుకాణంలో హమాలీ. బస్తాలు మొయ్యడం బతుకుతెరువు, ఎత్తులెక్కడం సరదా. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో ఊరి కుర్రాళ్లంతా కింద నినాదాలిస్తుంటే ఇతను ధాన్యం గోదాం రేకుల మీదికెక్కి, పోలీసు వ్యాను ఏ సందు తిరిగిందో పైనుంచి కేకేసి చెప్పేవాడట. ఒక్క లాఠీ దెబ్బ కూడా తినని ఉద్యమకారుడివి నువ్వేనయ్యా అని నేను ఏడిపించేదాన్ని.

"పైనున్నోన్ని కొట్టాలంటే వాళ్లు గూడ పైకెక్కాలె గదమ్మా" అని నవ్వేవాడు.

సేటు కొడుకు దయాకర్ డిగ్రీ చదివేవాడు. కాలేజీవాళ్లు ఒకసారి హైదరాబాదులో టీవీ కేంద్రం చూపించి తీసుకొచ్చారు. ఇక చూడండి, ఆ పిల్లాడి కాలు నేలమీద ఆనలేదు.

"వార్తలు చదివేటామె ఒక్కతే కనబడ్తది గని, ఎనక ఊరంత మంది ఉంటరు నాయినా" అన్నాడు తండ్రితో. వార్త తెచ్చేవాళ్లు వేరు, దాన్ని కోసి కుదించేవాళ్లు వేరు, కెమెరా పట్టేవాళ్లు వేరు, లైట్లు చూసేవాళ్లు వేరు. ఇక మొదలుపెట్టమని చెయ్యి ఊపడానికే ఒక మనిషట. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టరట. ఈ చివరి మాట సేటుకు తెగ నచ్చింది. మర్నాటికల్లా ఆ ఇంట్లోనూ డిపార్ట్‌మెంట్లు వెలిశాయి.

సేటు డైరెక్టరు. ఆయన పని కుర్చీలో కూర్చోవడం. ఆయన తల్లి రుక్మిణమ్మది కరెంటు డిపార్ట్‌మెంట్. స్టెబిలైజర్ పక్కన పీట వేసుకుని, ముల్లు కాస్త కదిలితే చాలు మీట తిప్పేది. సినిమాలో హీరో హీరోయిన్‌కు మరీ దగ్గరగా జరిగినా ఓల్టేజీ పడిపోయిందని ఆర్పేసేది కాబట్టి సెన్సారు కూడా ఆమెదే. సేటు పెద్ద కోడలు వనమాలది రిలే. గదిలోని తెరా, పైన డాబా అంచూ రెండూ కనిపించేలా మెట్ల మధ్యలో నిలబడాలి. "వచ్చిందా?" అని పైనుంచి భిక్షం అడిగితే "రాలే", "జర ఎడమకు", "వచ్చింది, ఇగ కదలకు" అని అందించాలి. భిక్షం ఇంజనీరు సాబ్. దయాకర్ అలా పిలిచినప్పుడల్లా మీసం దువ్వుకునేవాడు. నాది విమర్శల డిపార్ట్‌మెంట్, ఎవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను. వార్తలు చదివే పోస్టు ఒక్కటే ఆ ఇంట్లో ఖాళీ.

వీధివాళ్లంతా వచ్చి చూసే ఆ టీవీని చూడని మనిషి ఒక్క భిక్షమే. దీపం కింద చీకటంటారే, అదీ సంగతి. పైపు వదిలితే బొమ్మ పోతుంది, పట్టుకుంటే తనకు కనబడదు. గొంతులన్నీ తెలుసు, ముఖాలే తెలియవు.

"వార్తలామె ఎర్రగుంటదా, నల్లగుంటదా?" అని ఒకసారి నన్నడిగాడు.

"నలుపు తెలుపు టీవీలో అందరూ ఒక్క రంగే భిక్షం" అన్నాను.

అతనికి ఒక్కతే కూతురు, నిర్మల. తల్లి పోయాక తనే పెంచాడు. జడ వెయ్యడం వనమాల దగ్గర నేర్చుకున్నాడు. బస్తాలు మోసే చేతులతో పాపిడి తియ్యడానికి పడ్డ పాట్లు చూసి మేం కడుపుబ్బ నవ్వేవాళ్లం, ఆ పిల్ల ఒక్కతే బుద్ధిగా కూర్చునేది. ఆ నిర్మల పదో తరగతిలో జిల్లా ఖోఖో జట్టులో చేరి, మానుకోట పిల్లలతో కలిసి హైదరాబాదులో రాష్ట్ర పోటీలకు పోయింది. రైలెక్కించే ముందు స్టేషన్లో భిక్షమే రెండు జడలు వేసి, వనమాల ఇచ్చిన ఎర్ర రిబ్బన్లు కట్టి పంపాడు.

తర్వాత ఒకరోజు బడిలో ఆటల సారు ఆయాసపడుతూ దుకాణానికొచ్చాడు. "భిక్షం, మన పిల్లలు కప్పు గెలిచిండ్రు. టీవీవాళ్లు బొమ్మ తీసుకున్నరట. ఇయ్యాల వార్తలల్ల వేస్తరు."

భుజం మీది బస్తా దించడం మరిచిపోయి భిక్షం అలాగే నిలబడ్డాడు. తర్వాత ఒకే ఒక్క మాటన్నాడు. "నేను జూడాలె సేటూ."

సేటు నసిగాడు. రుక్మిణమ్మ నసగలేదు. "ఇయ్యాల వాడు కింద కూసుంటడు. నీ కుర్చీలనే కూసుంటడు. పైన నువ్వెక్కు" అంది కొడుకుతో. దయాకర్‌కు ఎత్తంటే కళ్లు తిరుగుతాయి. చేసేది లేక డైరెక్టరు గారు ధోవతి ఎగ్గట్టి డాబా ఎక్కారు.

భిక్షం కుర్చీ అంచున కూర్చున్నాడు. తల తడిపి దువ్వుకున్నాడు, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. వార్తలామె కనబడగానే చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు. మంత్రులు పోయారు, వరదలు పోయాయి. పైన సేటు ఎడమకు అంటే కుడికీ, కుడికి అంటే ఎడమకూ తిప్పుతూనే ఉన్నాడు. బొమ్మ వణుకుతూనే ఉంది. ఇంతలో "బాలికల ఖోఖో" అన్న మాట వినిపించింది. అదే క్షణాన తెర నిండా చీమలు కమ్మేశాయి.

"వచ్చిందా?" అన్నాడు పైనుంచి సేటు.

"రాలే" అంది వనమాల.

ఆ మాటతో నా పక్కన కుర్చీ ఖాళీ అయింది. "రాలే" అని వినిపిస్తే భిక్షం కాళ్లు భిక్షాన్ని అడగవు. రెండేసి మెట్లు దాటుకుంటూ పోయి సేటు చేతుల్లోంచి పైపు లాక్కున్నాడు.

ఆ ఇంట్లో అంత శుభ్రమైన బొమ్మ నేను అంతకుముందు చూడలేదు. పిల్లలు వరసగా నిలబడ్డారు, మధ్యలో కప్పు. వరస కొసన నిర్మల, ఊడిపోతున్న రిబ్బన్ను ఒక చేత్తో పట్టుకుని సరిగ్గా మావైపే చూస్తోంది. తుమ్మినంత సేపే. తర్వాత వాతావరణం మొదలైంది.

"వచ్చిందా?" అన్నాడు భిక్షం పైనుంచి.

"ఓరి పిచ్చోడా" అని రుక్మిణమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. తుమ్మినంత సేపు కూర్చోలేకపోయాడే అని కోపం. ఆ కోపంలోనే నాకూ కళ్లు తడిశాయి.

వనమాల తన మెట్టు వదిలింది. నేరుగా డాబా మీదికి పోయి, భిక్షం ఎదుట నిలబడి, కొంగు సర్దుకుని చేతులు జోడించింది. వెనకే పోయి నేను చూశాను.

"నమస్కారం. వార్తలు చదువుతున్నది వనమాల. జనగామ భిక్షమన్న బిడ్డ నిర్మల కప్పు గెలిచింది. వరుసల కొసకు నిలబడ్డది. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. ఒకటి ఊడుతాంటే చేత్తోని పట్టుకున్నది. నవ్వుతాంది. అచ్చం నీ నవ్వే అన్నా."

అక్కడితో ఆగలేదు. ఆ పిల్ల ఎలా పరిగెత్తిందో, ఎవరెవరిని అవుట్ చేసిందో, జనం ఎలా చప్పట్లు కొట్టారో, టీవీలో రానిదంతా చదివింది. కింద పొయ్యి మీద అన్నం మాడిపోయేదాకా వార్తలు సాగాయి. వీధిలో పోయేవాళ్లు నిలబడి విన్నారు. పక్కనే ఉన్న సేటు కూడా అక్కడే విన్నాడు, ఆయనకూ బొమ్మ దక్కలేదు మరి. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టొద్దని అప్పుడే అనుకున్నట్టున్నాడు, మళ్లీ డాబా ఎక్కలేదు. భిక్షం కళ్లు మూసుకుని, చదవడం అయిపోయేదాకా పైపు వదలకుండా విన్నాడు.

ఆదివారం బండికి నిర్మల వచ్చింది. నేరుగా దుకాణానికే వచ్చి తండ్రిని పట్టుకుంది.

"బాపూ, టీవీల నన్ను జూసినవా?"

"చూడకేంది బిడ్డా. వరుసల కొసకు నిలబడ్డవు. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. ఒకటి ఊడుతాంటే పట్టుకున్నవు."

పిల్ల మురిసిపోయింది. అంతలోనే ముఖం చిట్లించింది. "సేటోళ్లది నలుపు తెలుపు టీవీ గద బాపూ. ఎర్రగ ఎట్ల కనబడ్డది?"

వనమాల కందిపప్పు చేటలోకి తల వంచేసింది. నేను దుకాణంలోని డబ్బాలు చూస్తూ నిలబడ్డాను. భిక్షం బస్తా భుజానికెత్తుకుని సర్దుకున్నాడు.

"కిందున్నోళ్లకే నలుపు తెలుపు బిడ్డా. డాబా మీదికి రంగులల్లనే వస్తది."