బాగా చదవొద్దన్న రోజు

మొన్న కరెంటు బిల్లు తీసే అబ్బాయి చీటీ చేతిలో పెట్టి వెళ్ళాడు. కళ్ళజోడు పెట్టుకుని నేనే పైకి చదివాను. వినీ వినగానే మా కోడలు వంటింట్లోంచి పరుగున వచ్చి ఫ్రిజ్ ప్లగ్గు పీకేసింది. "యూనిట్లు ఎక్కువైతే తెల్లకార్డు తీసేస్తారు అత్తయ్యా, ఈ నెలకి కుండలో నీళ్ళే తాగుదాం" అంది. ఫ్రిజ్‌లో ఉన్న రొయ్యలన్నీ ఆ పూటే వండేసింది, ఇంటిల్లిపాదీ సుష్టుగా తిన్నాం. బాగుపడ్డట్టు కనిపిస్తే ఉన్నది ఊడిపోతుందన్న భయం మా దివిసీమ పిల్లలకి గోరుముద్దలతో పాటే తినిపిస్తారు కాబోలు. ఆ భయంతోనే ఒకసారి మా ఊరి పెద్దలు బడి పిల్లలకి చదువు రానట్టు నటించడం నేర్పారు. అది గుర్తొచ్చి తింటూ తింటూ నాలో నేనే నవ్వుకుంటుంటే, కూర అంత బాగా కుదిరిందా అని మా కోడలు మురిసిపోయింది. నేనూ కాదనలేదు. ఉప్పు ఎక్కువైన మాట మాత్రం చెప్పాను.

కోడూరు దాటి సముద్రం వైపు వస్తే, ఇక ముందుకి వెళ్ళలేక బస్సు వెనక్కి తిరిగే చోట మా ఊరు. అక్కడి ప్రాథమిక బళ్ళో మధ్యాహ్న భోజనం వండేదాన్ని నేను. చదువులో వెనకబడిన బళ్ళని ఏరి, వాటిని బాగుచేయమని ప్రభుత్వం గ్రాంటు ఇచ్చినప్పుడు ఆ వరసలో మా బడి కూడా ఉంది. ఐదో తరగతి పిల్లలకి రెండో తరగతి పాఠం చదవడం రావడం లేదని తేలిందట. మా వాళ్ళు సిగ్గుపడలేదు సరికదా, పక్క ఊరి బడికి రానిది మనకొచ్చిందని ఊరంతా చెప్పుకు తిరిగారు. ఆ డబ్బుతో ఫ్యాన్లు వచ్చాయి. కుళాయి వచ్చింది. ఆడపిల్లలకి తలుపూ గడియా ఉన్న మరుగుదొడ్డి వచ్చింది. అంతకుముందు ఒకత్తి లోపలికి వెళ్తే ఇంకొకత్తి బయట చున్నీ అడ్డం పట్టుకుని నిలబడేది. బొమ్మల కథల పుస్తకాలు వచ్చాయి. అన్నిటికన్నా మించి, ఉన్న ఇద్దరు మాస్టర్లకి తోడుగా ఒక టీచరమ్మ వచ్చింది.

ఆవిడ అవనిగడ్డ నుంచి స్కూటీ మీద వచ్చేది. చూస్తే గాలికి ఎగిరిపోయేట్టుండేది గానీ, గొంతెత్తితే సంతలో చేపలమ్మే మా వాళ్ళు కూడా ఆగి వినాల్సిందే. చదవడం రాని పిల్లలని వసారాలో చుట్టూ కూర్చోబెట్టుకుని కథలు చదివించేది. ఆ వసారా చివరే నా పొయ్యి. ఉప్పెన వచ్చిన ఏటికి నేను ఊడ్పుల్లో దిగే వయసుదాన్ని. బడి గడప తొక్కింది లేదు, తొక్కనిచ్చినవాళ్ళూ లేరు. పప్పు చెరుగుతూ చెవి అటు వేసి వింటుండేదాన్ని. ఒకరోజు చేటలో కందిపప్పు పరిచి దాని మీద వేలితో అక్షరం దిద్దుతుంటే వెనకనుంచి గొంతు వినపడింది. "ఆ సుడి ఇంకాస్త గుండ్రంగా తిప్పండి మామ్మగారూ." దొంగతనం పట్టుబడ్డట్టు చేట కుదిపేశాను. మర్నాడు ఆవిడ పలక తెచ్చి పొయ్యి పక్కన పెట్టి ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. అలా గుణింతాలన్నీ దాటి, ఏడాది తిరిగేసరికి ఒత్తుల దగ్గరికి వచ్చి ఆగాను. పిల్లలు నాకన్నా చాలా ముందుకి వెళ్ళిపోయారు.

అప్పుడు కబురొచ్చింది, పిల్లల చదువు ఎలా ఉందో చూడడానికి బందరు నుంచి ఒక సారు వస్తున్నాడని. బడికి తల్లిదండ్రుల కమిటీ ఉంటుంది, దానికి చైర్మన్ మా మరిది. రొయ్యల మేత కొట్టు నడుపుతాడు, తనకి తెలియని విషయం ఉంటుందని ఒప్పుకోడు. మాస్టర్లూ టీచరమ్మా ఇళ్ళకి వెళ్ళాక కమిటీని వసారాలో కూర్చోబెట్టాడు. గిన్నెలు తోముతూ నేనూ ఉన్నాను.

"వదినా, మనకి గ్రాంటు ఎందుకిచ్చారు?" అన్నాడు.

"పిల్లలకి చదువు రాదని."

"మరి వచ్చేసిందని ఆ సారు రాసుకుపోతే? పొరుగూరికి ఇచ్చేస్తారు. టీచరమ్మని కూడా అటే పంపుతారు. ట్రాక్టరు కొన్నాడని మన బావగారి కార్డు తీసెయ్యలేదా? ఇదీ అంతే."

ఎవరికీ అనుమానం రాలేదు. పైగా తలా ఒకరు తమ తమ కార్డుల కథలు మొదలుపెట్టారు. తడబడుతూ చదివితే పిల్లలకి పుల్ల ఐసు కొనిపెట్టాలని తీర్మానించారు.

"పసిపిల్లల చేత అబద్ధం చదివిస్తావా? బుద్ధి ఉందా నీకు?" అన్నాను.

"టీచరమ్మ వెళ్ళిపోతే పలక పట్టుకుని ఏడ్చేది నువ్వే వదినా" అన్నాడు.

అంతే, తోమిన గిన్నెనే మళ్ళీ తోమడం మొదలుపెట్టాను. నేను వాదన మధ్యలో వదిలేయడం మా ఊళ్ళో తరచు జరిగే విషయం కాదు.

సారు వచ్చాడు. నెమ్మదస్తుడు, బట్టతల. పిల్లలని ఒక్కొక్కరినీ పిలిచి కథల పుస్తకం చేతికిచ్చాడు. నటించమంటే మన పిల్లలు కొంచెంతో సరిపెడతారా! ఒకడు పుస్తకం తలకిందులుగా పట్టుకున్నాడు. ఒకత్తి "అ" దగ్గరే ఆగి ఆకాశం వంక చూసింది. మా మనవరాలైతే నత్తి కూడా పెట్టింది. మా మరిది గుమ్మం దగ్గర నిలబడి తృప్తిగా తలాడిస్తున్నాడు. పాపం టీచరమ్మకి ఈ సంగతేమీ తెలియదు. మొహం పాలిపోయి, "నిన్న చదివారు సార్, నిజంగా చదివారు" అంటుంటే ఆ గొంతు నాకే సరిగా వినపడలేదు. కూర కలపడం మానేసి గరిటె పట్టుకుని అక్కడికి వచ్చి నిలబడ్డాను.

సారు విసుక్కోలేదు. "పోనీ, నేను చదువుతాను వినండి" అని తనే మొదలుపెట్టాడు. ఒక ముసలమ్మ తన మేకని పక్కన పెట్టుకుని రేవులో కట్టేసిన పడవలో పడుకుంటుంది. మేక పడవ తాడు నమిలేస్తుంది. పడవ ఏటి వాలున కొట్టుకుపోతుంది. ముసలమ్మ ఉలిక్కిపడి లేచేసరికి... అక్కడ సారు గడియారం చూసుకుని, "సరే, భోజనాలకి లేవండి" అని పుస్తకం మూసేశాడు.

ముసలిదాన్ని నట్టేట్లో వదిలేసి అన్నానికి లేవమనడం ఏం మర్యాద? గరిటె మనవరాలి చేతికిచ్చి పుస్తకం లాక్కున్నాను. ఆ పేజీ వెతుక్కుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టాను. "ము... స... ల... మ..." ఒత్తు దగ్గర ఆగాను. మళ్ళీ మొదటికి వచ్చాను. నాది నటన కాదు, నిజంగానే అంతే వస్తుంది. ఆ పిల్లలు ఓపిక పట్టి చూశారు. ఇటు కదిలారు, అటు కదిలారు. చివరికి తలకిందుల పుస్తకంవాడే పళ్ళు నూరుతూ, "అబ్బా మామ్మా! ముసలమ్మ కళ్ళు నులుముకుని చూస్తే పడవ వాళ్ళ కూతురి ఊరి ఒడ్డుకి చేరింది!" అని గడగడా చదివేశాడు. ఇంకొకత్తి పేజీ తిప్పేసింది. అందరూ నా భుజాల మీద పడి, ఒకరిని మించి ఒకరు అరుస్తూ కథ చివరిదాకా చదివారు. మా మనవరాలి నత్తి ఎటు పోయిందో తెలియదు.

మా మరిది నుదురు కొట్టుకున్నాడు. సారు అతన్ని పిలిచి ఏమిటిదంతా అని అడిగాడు. దాచలేక కార్డు సంగతి, ట్రాక్టరు సంగతి అంతా చెప్పేశాడు. సారు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇది రేషన్ కార్డు కాదండీ చైర్మన్‌గారూ! పిల్లలు ముందుకెళ్తున్నారని తేలితేనే గ్రాంటు కొనసాగిస్తారు. ఇందాకటి చదువే రాసుకుని వెళ్ళుంటే, ఈ మేడంగారిని వచ్చే నెల నుంచే మీ బడికి పంపేవాళ్ళు కాదు."

టీచరమ్మ ఏడుస్తూ నవ్విందో, నవ్వుతూ ఏడ్చిందో నేను చూడలేదు. నా కూర మాడుతోంది. పొయ్యి దగ్గరికి పరిగెడుతుంటే వెనకనుంచి పిల్లల గొడవ వినపడింది. "మేం తప్పుగానే చదివాం కదా బాబాయ్, మామ్మ వచ్చి చెడగొడితే మాదా తప్పు? మా ఐసులు మాకివ్వు." మాడిన కూర అందరూ తిన్నారు, సారుతో సహా. సాయంత్రం మా మరిది ఐసుబండిని బడి ముందుకే పిలిపించాడు. నాకివ్వలేదు.

టీచరమ్మ ఆ తరవాత కూడా మా బళ్ళోనే ఉంది. ఒత్తులు దాటించి, ఉత్తరం రాయడం దాకా నేర్పాకే, గుడివాడ వైపు పర్మినెంటు ఉద్యోగం వచ్చి వెళ్ళింది. ఆవిడకి నేను రాసిన మొదటి ఉత్తరానికి తప్పులు దిద్ది తిరిగి పంపింది, అదీ ఆవిడ పద్ధతి. ఇప్పుడు కథల పుస్తకం పడితే పేజీకో పూట పడుతుంది నాకు. కాలం పరుగెడుతోందని ఈ వయసులో అందరూ వాపోతుంటారు. నేను ఇంత నెమ్మదిగా చదువుతాను కాబట్టి కాబోలు, నా పక్కన అది కూడా కాసేపు కూర్చుని, తరవాతేమైందో విందామని ఆగుతోంది.