కలెక్టరాఫీసు ముందే ఉన్నాం

నా పెళ్లిచూపులను నేనే ఎట్లా తగలబెట్టబోయానో చెబుతాను. మొహమాటపడకుండా నవ్వండి. మా ఆవిడ నవ్వీ నవ్వీ అలసిపోయింది కాబట్టి ఇక మీ వంతు.

కొత్త జిల్లాలు వచ్చిన ఏడాది అది. మాది పాలకుర్తి. పోటీ పరీక్షలకు చదువుతున్నానన్న పేరుతో ఏ దేశం తనను తాను ఎట్లా ముక్కలు చేసుకుందో బట్టీ పట్టి, దొరికినవాళ్లకల్లా వినిపించేవాణ్ణి. పిల్లది మొగుళ్లపల్లి. చూపులు వాళ్ల మేనమామ ఇంట్లో. పిల్ల తండ్రి ముందురోజు ఫోన్ చేశాడు.

"జిల్లా కలెక్టరాఫీసు కాడ దిగుండ్రి, ఇల్లు ఆ పక్కకే. జర జల్దీ రాండ్రి, మానుకోట సంబంధపోళ్లు గూడ రేపే వస్తున్నరు."

మహబూబాబాద్‌ను మేం మానుకోట అంటాం. వాళ్లకంటే ముందు చేరకపోతే పిల్ల దక్కదని నా భయం. మా బాపును వెంటబెట్టుకుని పొద్దున్నే బస్సెక్కి, పుట్టినప్పటి నుంచి ఎరిగిన మా పాత జిల్లా కలెక్టరాఫీసు ముందు, అనగా హన్మకొండలో, పెళ్లికొడుకు ఠీవితో దిగాను.

మాకోసం ఎవరూ రాలేదు. గేటు దగ్గర మిఠాయి డబ్బా పట్టుకుని ఇంకో యువకుడు ఎవరికోసమో చూస్తున్నాడు. నాకు అంతకంటే ఏం కావాలి?

"జపాన్ల జిల్లాలు ఉండయి తెలుసా అన్నా, ప్రిఫెక్చర్లు ఉంటయి. ఫ్రాన్స్‌ల అయితే గుర్రమెక్కి ఒక్క రోజుల పోయేటంత దూరంలనే జిల్లా ఆఫీసు ఉండాలని గీతలు గీసిండ్రట."

"గట్లనా? ఇంక చెప్పు అన్నా" అన్నాడతను. అంత మంచి శ్రోత నాకు మళ్లీ దొరకలేదు.

ఇంతలో పిల్ల తండ్రి, అంటే కాబోయే మామ ఫోన్.

"యాడున్నరు?"

"కలెక్టరాఫీసు ముంగటనే ఉన్నం మామా."

"నేను గూడ గాడనే ఉన్న. ఏం అంగి ఏసుకున్నవ్?"

"ఎర్రగళ్ల అంగి. గేటుకు ఆనుకొని నిలవడ్డ."

"గేటు కాడ నేను, ఒక మేక తప్ప ఎవ్వలు లేరు."

ఫోన్ పెట్టేశాక కాసేపటికి అదే నంబరు నుంచి ఆడగొంతు వినిపించింది. "ఏమనుకోకుండ్రి, మీరున్నది ఏ జిల్లా కలెక్టరాఫీసు?"

మొగుళ్లపల్లి ఇప్పుడు కొత్తగా వచ్చిన భూపాలపల్లి జిల్లాలో ఉందని, వాళ్ల కలెక్టరాఫీసు భూపాలపల్లిలోనే అని అప్పుడు గుర్తొచ్చింది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బాపు నన్ను ఎగాదిగా చూశాడు. "గా ఫ్రాన్స్ గుర్రాన్ని పిలువు కొడుకా, పోదాం."

గుర్రం రాలేదు. శ్రోతకు ఒక్క ముక్కైనా చెప్పకుండా భూపాలపల్లి బస్సు వెంట పరుగెత్తాను. మేం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పని అయిపోయిందనుకున్నాను. మామ మాత్రం చల్లగా చాయ్ ఇప్పించాడు.

"మీరే నయం. మానుకోటోళ్లు ఇంక రానేలే. వాళ్లు గూడ కలెక్టరాఫీసు ముంగటనే ఉన్నమంటున్నరు."

చాయ్ కప్పు కింద పెట్టి బాపు వైపు చూశాను.

"అయినా పిల్లగాడు పరేషాన్ లేడట. పొద్దుగాల ఎవలో జపాన్ ముచ్చట చెప్పిండట, మంచిగ పొద్దువోయిందట."

బాపు ఇంటి కప్పు వైపు చూడసాగాడు. తలుపు చాటు నుంచి కిసుక్కుమన్న నవ్వు, దాని వెనకే పొద్దున ఫోన్‌లో విన్న ఆడగొంతు: "నాయినా, వాళ్లకు ఫోన్ నేను చేస్త తియ్."

ఆ ఫోన్ చేసిందో లేదో, పెళ్లయి ఇన్నేళ్లయినా నేను అడగలేదు.

అందుచేత సకల దిక్కుల సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. నేను నిలబడ్డది ఏ జిల్లాలోనో తేల్చుకోకుండా పరాయి దేశాల హద్దుల గురించి ఇక నోరెత్తను. జపాన్‌ను మాత్రం మినహాయించాలి. ఆ దేశం నాకు పిల్లనిచ్చింది.