చార్లెస్ గారి విన్నపాలు

ఈస్టర్‌కి ముందు నలభై రోజుల తపస్సుకాలం వచ్చిందంటే ఆ ఇంట్లో దేవుడికన్నా చార్లెస్‌కే ఎక్కువ భయపడాలి. విభూది బుధవారం నుదుటిన బూడిద పడిందో లేదో, గడ్డం పెంచుతాడు, సిగరెట్లు మానేస్తాడు. మానేసిన సిగరెట్లకు బదులు ఖైనీ నములుతాడు. అదేంటని అడిగితే, పొగ రాదు గనక అది లెక్కలోకి రాదట. అతని భార్య కృపావతి ఈ ధర్మశాస్త్రం విని విని అడగడమే మానేసింది.

నూజివీడు చుట్టుపక్కల మామిడి తోటలకు మందు కొట్టే ముఠాకి అతను మేస్త్రీ. తోటల్లో రైతులు నాలుగు మాటలంటే నవ్వుతూ పడతాడు. పడ్డవన్నీ ఇంటికి మోసుకొచ్చి సాయంత్రం జపంలో దించుతాడు. లోకంలో అందరికీ ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. ఇతగాడిది మాత్రం తిరగేసిన సామెత.

జపమాల అయ్యాక ఇంట్లో ఒక్కొక్కరూ ఒక విన్నపం చెప్పాలి, మిగతావాళ్ళు "ప్రభువా, మా ప్రార్థన ఆలకించండి" అనాలి. మంచి ఆచారమే, చార్లెస్ చేతిలో పడి పాడైంది. "ప్రభువా, ఈ ఇంటి ఇల్లాలికి పప్పులో ఉప్పు సరిగ్గా వేసే జ్ఞానం ప్రసాదించండి" అంటాడు కళ్ళు మూసుకుని. ఆలకించండి అని ఆ ఇల్లాలే అనాలి, తన పప్పు మీద తనే మొర పెట్టుకోవాలి. కూతురు హాసిని లెక్కల మార్కులు, ఎదురింటివాళ్ళ మేక, బావమరిది బద్ధకం, అన్నీ ఆ జపం చాప మీద నుంచే పరలోకానికి ఫిర్యాదుగా వెళ్ళాయి.

ఇవన్నీ కృపావతి భరించింది. భరించలేకపోయింది అత్తగారి సంగతి ఒక్కటే.

పోయిన తపస్సుకాలంలో ఒక శుక్రవారం హాసినికి జ్వరం వచ్చింది. పిల్లకి ముద్ద దిగడం లేదు. చార్లెస్ తల్లి ఆరోగ్యమ్మ కాస్త కోడిపులుసు కాచి, అన్నంలో కలిపి మనవరాలికి తినిపిస్తోంది. అప్పుడే తోట నుంచి వచ్చిన చార్లెస్‌కి గుమ్మంలోనే వాసన తగిలింది. తపస్సుకాలం శుక్రవారం నాడు మాంసమా అంటూ గిన్నె ఎత్తి మురుగుకాలవలో పోశాడు. అంతటితో ఆగినా బాగుండేది. "గురువు దగ్గర పాపం ఒప్పుకుని, పాపసంకీర్తనం చేసి వచ్చేదాకా నా ఇంట్లో జపానికి కూర్చోవద్దు" అన్నాడు కన్నతల్లితో. వాడికి జపం నేర్పిందే ఆవిడ. అప్పటికప్పుడే సంచి సర్దుకుని మైలవరంలో కూతురింటికి వెళ్ళిపోయింది. వాడు నోరు తెరిచి పిలిస్తే వస్తానని తర్వాత కబురు పెట్టింది. వీడు పిలిస్తేగా.

కృపావతి తోటల్లో మామిడికాయలకు కవర్లు కట్టే పనికి పోతే పిల్లను అత్తగారే చూసుకునేది. ఇప్పుడు హాసిని బడి నుంచి వచ్చి, తాళం వేసిన తలుపు ముందు పుస్తకాల సంచి మీద కూర్చుంటోంది. అది చూసినప్పుడల్లా కృపావతికి కడుపు మండిపోయేది. ఈ ఈస్టర్ పండగ లోపల ఆవిడ ఇంట్లో ఉండి తీరాలని పట్టుపట్టింది. మొగుడితో ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

తపస్సుకాలం శుక్రవారాల్లో విచారణ గురువు, అంటే ఊరి చర్చి ఫాదర్ గారు, ఒక్కో ఇంటికి జపానికి వస్తారు. ఈసారి ఒక వారం వీళ్ళ వంతు వచ్చింది. చార్లెస్ కొత్త చాప పరిచి, గొంతు సవరించుకుని, గుళ్ళో కూడా ఎన్నడూ వినపడనంత గట్టిగా జపమాల నడిపించాడు. విన్నపాలు మొదలయ్యాయి.

"ప్రభువా, శుక్రవారం మాంసం వండి ఈ ఇంటిని అపవిత్రం చేసిన మా అమ్మకు పశ్చాత్తాపం ప్రసాదించండి."

ఆలకించండి అని ఎవరూ అనలేదు. ఫాదర్ గారు కళ్ళు తెరిచారు.

"ఎవరికోసం వండారండీ ఆవిడ?"

"నాకే ఫాదర్, జ్వరమొస్తే" అంది హాసిని.

"చిన్నపిల్లలకీ, జబ్బుపడ్డవాళ్ళకీ ఆ నియమం లేదు చార్లెస్ గారూ. మీ అమ్మగారు ఏ పాపమూ చెయ్యలేదు."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ దేవుడూ ఇచ్చాడు, పూజారీ ఇచ్చాడు, మందు కొట్టే మేస్త్రీ మాత్రం ఇవ్వలేదు. "అంటే ఫాదర్, ఇంటికి ఒక పద్ధతంటూ..." అని నసిగాడు.

తర్వాత వంతు హాసినిది. "ప్రభువా, మా నాన్న ఇప్పుడే నాయనమ్మకి ఫోన్ చెయ్యాలి" అంది.

"ప్రభువా, మా ప్రార్థన ఆలకించండి" అంది కృపావతి, ఇల్లంతా వినపడేలా. ఫాదర్ గారూ గొంతు కలిపారు. ఆయన ఎదురుగా ఉన్నారు గనక చార్లెస్ కూడా పెదాలు కదపక తప్పలేదు. ఆ పెదాలు మూతపడేలోగా కృపావతి నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి, ఫోన్ అతని ముందు చాప మీద ఉంచింది.

"ఎవరూ?" అంది ఆరోగ్యమ్మ.

"నేనేనమ్మా, చార్లెస్‌ని." అమ్మా అన్న మాట మెత్తగా వచ్చింది. కృపావతికి ఆశ పుట్టింది. అంతలోనే మనిషి భుజాలు నిక్కించాడు. "ఫాదర్ గారు కూడా ఇక్కడే ఉన్నారు. నిన్ను క్షమించేశానమ్మా. వచ్చెయ్."

ఛీ, బుద్ధి పోనిచ్చుకున్నాడు కాదు అనుకుంది కృపావతి.

"సంతోషం నాయనా" అంది ఆరోగ్యమ్మ నెమ్మదిగా. "నువ్వు క్షమించావు, బానే ఉంది. మరి నేను నిన్ను క్షమించానో లేదో కనుక్కున్నావా?"

ఫోన్ పెట్టేసింది. చార్లెస్ మోకాళ్ళ మీదే తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాడు. ఫాదర్ గారు గబగబా ఆశీర్వాదం ఇచ్చి, టీ కూడా తాగకుండా లేచారు.

ఆయన్ని వీధి దాకా సాగనంపి వచ్చింది కృపావతి. మొగుడు ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాడు.

"రేపు మొదటి బస్సుకి మైలవరం వెళ్ళండి" అంది. "క్షమించడానికి కాదు. క్షమించమని అడగడానికి."

చార్లెస్ జపమాల చుట్టి జేబులో వేసుకున్నాడు.

"ఏమని అడగాలే?" అన్నాడు. అందులో వెటకారం లేదు. నిజంగానే తెలియక అడిగాడు.

"రోజూ ఇంతింతసేపు మోకాళ్ళ మీద ఉండి, ఏం అడుగుతున్నట్టండీ మరి?" అంది కృపావతి.