కిటికీ జాగాలో అద్దం

మా పెద్దమ్మ పోయింది. పోయిన నెలలో ఒక పొద్దున ఆయాసం ఎక్కువైతే ఆటోలో దవాఖానాకు తీసుకుపోతున్నాను. చేవెళ్ల బస్టాండు దాటకముందే నా భుజం మీద తల వాల్చేసింది. ఆటో రెండు వైపులా తెరిచే ఉంది. అంత గాలిలోనూ ఆమెకు ఊపిరి అందలేదు.

ఆమె మా అమ్మకు అక్క. ఆలూరు నుంచి చదువు కోసం వచ్చిన నన్ను చేవెళ్లలో తన కిరాయి గదిలో పెట్టుకుంది. మొయినాబాద్ దగ్గర ఒక షెడ్డులో అద్దాల పని చేసేది. అద్దం చుట్టూ రంగు గాజు ముక్కలు అతికించి, సందుల్లో తెల్ల సిమెంటు నింపి, పువ్వులూ నెమళ్లూ తీర్చేవాళ్లు. జన్వాడ ఫామ్‌హౌసుల గోడలకు అవి వేలాడతాయి. గాజు కోసేటప్పుడు పెద్దమ్మ ముక్కుకు తడి కండువా చుట్టుకునేది.

"ఏందక్కా, దొంగ లెక్క?" అని పక్కవాళ్లు నవ్వేవాళ్లు.

"అవునే, నీ ముక్కలన్నీ దోచుకపోత."

నిజంగానే చెత్తలో పడేసే ముక్కల్ని అడిగి, టిఫిన్ డబ్బాలో ఇంటికి తెచ్చుకునేది.

సెలవుల్లో నాకూ ఆ పని నేర్పింది. తొందరపడి ముక్కల్ని ఒకదానికొకటి ఆనిస్తే చేతి మీద ఒక్కటి వేసేది. "సందు ఇడువు బిడ్డా. ఎండకు ఉబ్బుతది. జాగ లేకుంటే పగుల్తది." మీలో ఎవరింట్లోనైనా ఆమె చేసిన అద్దం ఉండొచ్చు. దగ్గరికి పోయి చూడండి. ఏ ముక్కా పక్క ముక్కను నొక్కదు.

గాజు ముక్కకు ఇచ్చే ఆ జాగా మనిషికి ఇవ్వరు. మా గదికి తలుపు ఒకటి, దానికి ఎదురుగా కిటికీ ఒకటి. కిటికీ అవతలి ఖాళీ స్థలం వాళ్లు మా గోడకు ఆనించి ఇల్లు లేపారు. రెక్కలు తెరిస్తే ఎదురుగా ఇటుకలు. గాలీ వెలుతురూ మనిషి హక్కని కాలేజీలో పంచిన కరపత్రాల్లో చదివినదంతా మా ఓనరు కిరాణా దుకాణం ముందు నిలబడి అరిచాను. తలుపు పైన వెంటిలేటరైనా పెట్టమన్నాను. ఆయన కందిపప్పు తూస్తూ తల కూడా ఎత్తలేదు.

"నచ్చకుంటే ఖాళీ చెయ్యి చెల్లె. వచ్చేటోళ్లు మస్తు మంది ఉన్నరు."

ఆ కిరాయికి మాకు ఇంకో గది దొరకదని ఆయనకు బాగా తెలుసు.

నేను ఇంటికొచ్చి కోపంతో గిన్నెలు ఎత్తి పడేస్తుంటే, పెద్దమ్మ జానతో కిటికీ చట్రం కొలుస్తోంది. కొన్ని ఆదివారాలు కూర్చుని ఆ ఇటుకల ముందు అద్దం చేసి బిగించింది. నడుమ అంచు విరిగిన అద్దం, చుట్టూ నీలి, ఆకుపచ్చ ముక్కలు. చెక్క రెక్కలు మాత్రం తీసేయలేదు. రోజూ పొద్దున తలుపు తీసి, తర్వాత కిటికీ రెక్కలు తీసేది. వీధిలో ఎండ అద్దానికి తగిలి పొయ్యి దాకా పాకేది. పొద్దుగూకితే రెక్కలు మూసేది, దోమలొస్తాయన్నట్టు.

నాకు ఒళ్లు మండింది. "గిది మోసం పెద్దమ్మా! మనం అద్దం సూస్కుంట సప్పుడు జేయకుండ ఉండాలె. ఓనరుకు గదే కావాలె."

"కిటికీ వచ్చేదాక చీకట్ల కూసుందామా?"

"వెలుగు సరే. గాలి ఏది?"

దగ్గు తగ్గేదాకా ఆగమని చెయ్యెత్తింది. తర్వాత నవ్వింది.

"వెలుగు నేను తెచ్చిన. గాలి నువ్వు కొట్లాడి తే. అన్నీ నేనే చెయ్యాల్నా?"

ఓనరుతో గొడవకు పోతుంటే ఆమె ఎన్నడూ నన్ను ఆపలేదు. గడప దగ్గర చెంబు అందించేది. "తాగి పో. గొంతెండితే ఏం ఒర్లుతవ్?" ఊళ్లో అందరూ నా కోపాన్ని తిట్టారు. దానికీ నీళ్లు పోసి సాకింది ఆమె ఒక్కతే.

దినాలు అయ్యాక మళ్లీ దుకాణానికి పోయాను. గడప దగ్గర చెంబు అందించేవాళ్లు లేరు. ఓనరు ఈసారి తల ఎత్తాడు.

"పాపం, మంచి మనిషి. దమ్ము రోగమున్న మనిషే పాయె గద చెల్లె. ఇంక వెంటిలేటర్ ఎవలికి?"

"నాకు" అన్నాను.

ఆయన మళ్లీ తక్కెడ వైపు తిరిగాడు.

ఈ పొద్దున తలుపు తీసి, కిటికీ రెక్కలు తీశాను. ఎండ పొయ్యి దాకా వచ్చింది. ఆమె కండువా మేకుకు అలాగే వేలాడుతోంది. అద్దంలో ఎన్ని ముక్కలుంటే అన్ని కండువాలు. ఒక్కటీ కదలడం లేదు.