ఎదురింటి రంగత్త

తెర మీద ఓ పాప అడుగంటిన గిన్నెను గరిటెతో గీకుతున్న చప్పుడు కోయంబత్తూరు సినిమా హాలంతా నిండింది. పక్క సీట్లో నా చెల్లెలు సుగుణ నా చెయ్యి పట్టుకుంది. ఆ చప్పుడు మా ఇద్దరికీ తెలుసు. పట్టించుకునేవాళ్ళు లేని పిల్లల కథ అది. అందరూ మెచ్చుకుంటున్నారని వెళ్ళాం. సినిమా పొడుగునా పిల్లలు ఏడ్చారు, తల్లి మంచం దిగలేదు, ఇరుగుపొరుగు కిటికీల్లోంచి చూసి తలుపులు వేసుకున్నారు. ఆ తల్లికి ఏమైందని ఒక్కరూ అడగలేదు. సినిమా తీసినవాళ్ళకీ ఆ ప్రశ్న తోచినట్టు లేదు. చుట్టూ జనం కళ్ళు తుడుచుకుంటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. బయటికి వచ్చాక సుగుణ, "వాళ్ళ వీధిలో రంగత్త లేదక్కా, అంతే" అంది.

రంగత్త మాకు చుట్టం కాదు. కారమడై దగ్గర మా ఊళ్ళో ఎదురింటావిడ. అరటితోట, రెండు బర్రెలు, వీధి చివరిదాకా వినబడే గొంతు. మాలాగే ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నాకు తొమ్మిదేళ్ళప్పుడు తమ్ముడు పురిట్లోనే పోయాడు. అప్పటినుంచి అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. నెలలు గడిచినా లేవలేదు. నాన్న లారీ తీసుకుని ఉత్తరాదికి పోతే ఎప్పుడొస్తాడో తెలియదు. నేను వండిందే వంట. దువ్వేవాళ్ళు లేక మా ఇద్దరి తలలూ అట్టలు కట్టాయి. ఎవరడిగినా అమ్మకు జ్వరమని చెప్పేదాన్ని.

ఒక పొద్దున రంగత్త పిలవకుండానే లోపలికి వచ్చింది. మమ్మల్ని చూసి అయ్యో అనలేదు. మా ప్రాంతపు ముద్దుపిలుపుతో నన్ను, "మీ అమ్మ తినిందా కన్ను?" అని అడిగింది. అమ్మ గురించి అలా అడిగినవాళ్ళు అంతవరకూ లేరు. అమ్మను లేపి గోడకు ఆనించి కూర్చోబెట్టి, మజ్జిగన్నం కలిపి ముద్దలు పెట్టింది. తరువాత పెరట్లో మాకు తలంటింది. ఆనాటినుంచి రోజూ వచ్చింది.

కొన్నాళ్ళకు దిండిగల్ నుంచి పెదనాన్న వచ్చాడు. నన్ను హాస్టల్లో వేసి, సుగుణను తన ఇంటికి తీసుకుపోతానన్నాడు. బిడ్డల్ని చూడనిది తల్లే కాదన్నాడు. లోపల అమ్మకు వినబడుతూనే ఉంది. సుగుణ నా పావడా పట్టుకుని వదలలేదు. రంగత్త ఆ రోజు గొంతు పెంచలేదు.

"దానికి ఒడంబు బాగలేదన్నా, జబ్బు చేసింది. కాలు విరిగుంటే ఇట్లా అంటారా? మనసు విరిగింది. వైద్యం చేయిస్తాము. అంతదాకా బిడ్డలు నా ఇంట్లో ఉంటారు, ఇద్దరూ ఒకటిగానే."

పెదనాన్న సణుక్కుంటూ బస్సెక్కాడు. నాన్న రాగానే రంగత్త ఆయన్ని కూర్చోబెట్టి మాట్లాడి, అమ్మను కోయంబత్తూరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మందులు ఒక్కసారిగా పనిచెయ్యలేదు. అమ్మ కొంచెం లేచేది, మళ్ళీ పడుకునేది. ఏడాది తిరిగాక ఒక సాయంత్రం తనంతట తానే రంగత్త వాకిట్లోకి వచ్చి నిలబడింది. స్నానం చేసి, మంచి చీర కట్టుకుంది. "ఇంక నా బిడ్డల్ని నేను చూసుకుంటాను వదినా" అంది. రంగత్త ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే.

రంగత్త పోయి చాలా ఏళ్ళయింది. అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంది. టీవీ కోసం నా కూతురితో పోట్లాడుతుంది. రంగత్త మా కడుపు నింపిందని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజమే. నాకు మాత్రం ఇంకొకటి కూడా మిగిలింది. ఈ వయసులో అమ్మ ముఖంలోకి చూసినప్పుడు నాలో ఎక్కడా కోపం ఉండదు. నిజానికి ఉండాల్సింది. రంగత్త రానివ్వలేదు.